కొలిచినవాడే కలపాలి

పెళ్ళిచూపుల్లో మా ఆయన నా మొహం చూడలేదు. నా జాకెట్టు చేతులు చూశాడు. పెద్దవాళ్ళంతా మాటల్లో పడ్డాక మెల్లగా నావైపు వంగి, "ఎడమ చెయ్యి పావంగుళం పొట్టయిందండీ" అన్నాడు. ఆ జాకెట్టు కుట్టుకున్నది నేనే. ఒళ్ళు మండిపోయింది. లోపలికెళ్ళి టేపు పెట్టి చూసుకుంటే సరిగ్గా పావంగుళం. ఆ రోజే వద్దని చెప్పాల్సింది. నరసాపురంలో మా అమ్మేమో, "కుదురైన కుర్రాడు, చేతిలో పనుంది, చర్చి మానడు, ఇంకేం కావాలే నీకు" అని ఒకటే పోరు. సరే అన్నాను. పదకొండేళ్ళయింది.

ఆయన పేరు ఆనందకుమార్. కృష్ణానగర్‌లో సినిమా బట్టలు కుట్టే షాపులో కటింగ్ మాస్టర్. కృష్ణానగర్‌లో మాస్టర్లకేం కొదవలేదు. డాన్సు మాస్టరు, ఫైటు మాస్టరు, చివరికి టీ కాచేవాడు కూడా మాస్టరే. అందులో ఈయనొకడు. చదివింది ఐదో తరగతి. అది కూడా రెండుసార్లు. రెండోసారి తనకంటే చిన్నపిల్లల మధ్య, మోకాళ్ళు పట్టని బెంచీలో ముడుచుకుని కూర్చోలేక, ఆ వేసవిలోనే బడి మానేసి మేనమామ టైలరింగ్ షాపులో చేరాడని మా అత్తగారు చెప్పింది. ఆయన నోటినుంచి మాత్రం ఆ ఊసు ఇంతవరకు రాలేదు.

మనిషిని చూస్తే చాలు, కొలతలు చెప్పేస్తాడు. బస్సులో ముందు సీటాయన వీపు చూసి "పద్దెనిమిదిన్నర" అంటాడు. చర్చిలో పాస్టర్ గారు వాక్యం చెబుతుంటే అందరూ తలలు వంచుకుని వింటారు, ఈయన మాత్రం పాస్టర్ గారి అంగీ కుడివైపు కిందికి జారిందని నా చెవిలో గొణుగుతాడు. దేవుడి మాట ఒక్కటి చెవికెక్కితే ఒట్టు. నేను ఇంట్లో కూర్చుని ఆ షాపు బట్టలకే హుక్కులు, కాజాలు కుడతాను. అందులోనూ వంకలే. ఒక్క హుక్కు నూలుపోగంత పక్కకు పోతే విప్పమంటాడు. ఆ చాదస్తంతో వేగలేక చస్తున్నాను.

ఆ షాపులో ఒక కట్టుబాటు ఉంది. అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఒంటి కొలత ఉన్నదున్నట్టు గుడ్డ మీద పెట్టి కత్తిరిస్తే ఆ బట్ట ఎవరికీ పట్టదు. కుట్లలోకి కొంత పోతుంది. చెయ్యెత్తడానికి, కూర్చోడానికి, ఊపిరి పీల్చుకోడానికి ఇంకొంత కావాలి. అలా ఎక్కువ కలిపేదాన్నే లూజు అంటాం. వెనకెప్పుడో ఒక కోటు విషయంలో, కొలిచినవాడు కత్తిరించేవాడు కలుపుతాడులే అనుకున్నాడు. కత్తిరించినవాడు చీటీలో కలిపే రాశారులే అనుకున్నాడు. ఫిల్మ్‌నగర్‌లో షూటింగు. హీరో చెయ్యెత్తగానే వందమంది ముందు కోటు వీపు పర్రున చిరిగింది. ఆ రోజునుంచీ షాపులో రూలు ఒక్కటే. కొలిచినవాడే కలపాలి. కత్తెర పట్టినవాడు చీటీ మీది అంకెను ముట్టుకోకూడదు, తిరిగి కొలవకూడదు. మా ఆయనకి పది ఆజ్ఞల తర్వాత పదకొండోది అదే.

మాకు ఒక్కతే కూతురు, జెరూష. ఆరేళ్ళు. యూసుఫ్‌గూడలో మేముండేది రెండు గదుల వాటా, పిల్ల చదివేది మధురానగర్ వైపున్న ఇంగ్లీషు మీడియం స్కూల్లో యూకేజీ. జూబ్లీహిల్స్ నుంచి కార్లలో వచ్చే పిల్లలు కూడా అందులోనే చదువుతారు. మా పిల్లది నాన్న పొడుగు. క్లాసు ఫోటోలో వెనక వరసలో నిలబెట్టినా తల పైకే ఉంటుంది.

జనవరిలో స్కూలు గ్రూపులో ఒక కాగితం వచ్చింది. ఇంట్లో ఆటల ద్వారా పిల్లలకి కొలతలు నేర్పాలట. ఎనిమిది ఆటలు, ఒక్కోదానికీ ఒక్కో వీడియో తీసి పంపాలట. మొదటి ఆట, మీ ఇంట్లో సోఫా ఎన్ని జానలుందో పిల్లల చేత కొలిపించండి. మా ఇంట్లో సోఫా ఎక్కడిది? ఉన్నవి రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మంచం, ఒక మిషను. రెండో ఆట, బాత్‌టబ్బు నిండడానికి ఎన్ని మగ్గుల నీళ్ళు పడతాయో లెక్కపెట్టించండి. మాకు కుళాయిలో మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. మూడో ఆట, మీ తోటలో దారి ఎన్ని అడుగులో చూడండి. ఆ కాగితం రాసినవాళ్ళు ఎవరి ఇల్లు చూసి రాశారో గాని, చదువుతుంటే నాకు పుట్టెడు కోపం వచ్చింది.

అయినా తప్పదు కదా. సోఫా లేకపోతే పోనీ అని మంచం కొలిపించాను. పిల్ల తన బుల్లి చెయ్యి చాపి, నాలుక బయటపెట్టి, ఈ చివరినుంచి ఆ చివరికి పాకుతూ పద్నాలుగు జానలని లెక్కపెట్టింది. నాకు ముద్దొచ్చి వీడియో పంపాను. క్లాసు టీచరు మంజులత మేడమ్ నుంచి గంటలో జవాబు. "మంచం సుమారు తొమ్మిది జానలుండాలి. దయచేసి పిల్లకి దగ్గరుండి నేర్పించండి." నా చేత్తో కొలిస్తే తొమ్మిదే. కాదన్నదెవరు? "పిల్ల చెయ్యి చిన్నది కదా మేడమ్" అని రాశాను. దానికి దణ్ణం పెట్టే బొమ్మ ఒకటి వచ్చింది, అంతే.

నీళ్ళ ఆటకి బదులు బియ్యంతో ఆడిద్దామని మా అమ్మిచ్చిన ఇత్తడి సోల తీశాను. డబ్బాలో ఎన్ని సోలల బియ్యం పడతాయో చూడమన్నాను. ఐదు సోలలు పోసి ఆరోది నేలపాలు చేసింది. ఆ బియ్యం ఏరుకుంటూ కూర్చుంటే హుక్కుల పని ఆగిపోయింది. షాపునుంచి ఫోను మీద ఫోను. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఆ కోపంలో పిల్ల వీపు మీద ఒకటి వేశాను. ఆట కాస్తా ఏడుపైంది. ఆ వీడియో పంపలేదు.

ఫిబ్రవరిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. మంజులత మేడమ్ చెడ్డ మనిషేం కాదు. ముప్పై నలుగురు పిల్లల్తో వేగుతున్న మనిషి. మెల్లగానే చెప్పింది. "జెరూష అన్నిట్లో బాగుందండి, కొలతల్లోనే బాగా వెనకబడింది. మార్చిలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చూస్తాం. అప్పటికీ రాకపోతే ఇంకో ఏడాది యూకేజీలోనే ఉంచడం పిల్లకే మంచిది."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. మా ఆయన అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు.

"ఉంచడమంటే?"

"ఫెయిలండీ. పేరేదైతేనేం?"

"కొలతల్లోనా?" అన్నాడు. "నా కూతురా?"

కలిపిన అన్నం అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. ఆయన కళ్ళముందు ఏ బెంచీ కనబడుతోందో నాకు తెలుసు. తెలిసినా ఓదార్చడానికి మనసు రాలేదు. ఇన్నాళ్ళూ ఆ వీడియోల గొడవంతా నేనొక్కదాన్నే పడ్డాను, అప్పుడేమైంది ఈ దిగులంతా?

ఆ ఆదివారం చర్చినుంచి రాగానే టేపు తీసి పిల్లని ఎదురుగా కూర్చోబెట్టాడు. "ఇది అంగుళం. ఇది ముప్పావు. ఇది అర. ఇది పావు. ఇది అరపావు. చెప్పు." ఆరేళ్ళ పిల్లకి అరపావులు! పిల్ల టేపుని నడుముకి చుట్టుకుని గిర్రున తిరిగితే లాక్కున్నాడు. "టేపు ఆటవస్తువు కాదమ్మా. దాంతో ఆడకూడదు."

"ఆటగా నేర్పమన్నారండీ మహానుభావా! మీరు కోర్టులో సాక్షిని నిలదీసినట్టు అడుగుతున్నారు" అన్నాను.

"పనిని ఆటంటే పని రాదు సారా."

"మీకు ఆడటం రాదని చెప్పండి. ఆడలేక మద్దెల ఓడు."

గంటసేపు అలాగే సాగింది. పిల్ల ఏడ్చింది, నేను అరిచాను, ఆయన బిగుసుకుపోయాడు. చివరికి దారి చూపించింది ఆ పిల్లే. కళ్ళు తుడుచుకుని, టేపు తన మెళ్ళో వేసుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని, "నేను మాస్టర్‌ని. నువ్వు నా దగ్గర పనిచేస్తావు. నేను చెప్పింది కత్తిరించాలి" అంది.

మా ఆయన నోరు తెరిచాడు. తర్వాత ఏమనుకున్నాడో, లేచి చేతులు కట్టుకుని, "చిత్తం మాస్టర్ గారూ, టీ తెమ్మంటారా?" అన్నాడు. పదకొండేళ్ళలో ఆ మనిషి అలా మాట్లాడగా నేను వినలేదు. నవ్వాపుకోలేకపోయాను.

ముక్కగుడ్డల్తో నేను కుట్టిచ్చిన బొమ్మ ఒకటుంది పిల్లకి. దానికి హీరోయిన్ అని పేరు పెట్టుకుంది. ఆ హీరోయిన్‌కి గౌను కుట్టాలి. మాస్టర్ కొలతలు తీసి, లూజు కలిపి, చీటీ రాసి ఇవ్వాలి. పనివాడు నోరెత్తకుండా కత్తిరించాలి. షాపు రూలే ఇంట్లోనూ. ఆయన పిల్లకి సులువుగా ఉంటుందని అరలు, పావులు మానేసి, "ఏది కొలిచినా రెండు కలుపు మాస్టర్ గారూ, ఊపిరి పీల్చుకోడానికి చోటుండాలి కదా" అని చెప్పాడు. మొదటి గౌను హీరోయిన్ భుజాలమీంచి జారిపోయింది, రెండోది కుదిరింది. మూడు వారాల్లో ఆ బొమ్మకి పదకొండు జతలయ్యాయి. నాకన్నా దానికే ఎక్కువ బట్టలు.

ఇక టేపు పిల్ల మెళ్ళోంచి దిగలేదు. గ్యాసు బండ కొలిచింది. ఇంటివాళ్ళ పిల్లిని పట్టుకుని కొలవబోయి గీరించుకుంది. నేను కూర కలుపుతుంటే వెనకనుంచి నడుం చుట్టూ టేపు వేసి, గట్టిగా ఓ అంకె చెప్పి నా పరువు తీసింది. ఏది కొలిచినా టేపు మీద చూసిన అంకెకి రెండు కలిపి మరీ చెప్పేది. నాకు వినబడుతూనే ఉంది. ముచ్చటపడి నవ్వానే గాని ఇది బళ్ళో ఏమవుతుందని ఒక్క క్షణం ఆలోచించలేదు. ఆయనకెలాగూ ఆ ఆలోచన రాదు. నా బుద్ధేమైంది?

మార్చి చివరి శనివారం పరీక్ష. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక పూట సెలవడిగి వచ్చాడు. బల్ల మీద ఒక పెన్సిల్, ఒక పుస్తకం, ఒక రిబ్బన్ ముక్క, ఒక టేపు పెట్టారు. మమ్మల్ని వెనక కుర్చీల్లో కూర్చోబెట్టి నోరు మెదపొద్దన్నారు. టేపు చూడగానే జెరూష మొహం వెలిగింది. దాన్ని ముందు మెళ్ళో వేసుకుంది.

పెన్సిల్ పక్కన టేపు పరిచి, వేలు పెట్టి చూసి, "ఏడు" అంది. మేడమ్ కాగితం మీద ఏదో గీసింది. మా ఆయన తృప్తిగా తలాడించాడు. పెన్సిల్ ఐదంగుళాలని ఆయనకి ఇంత దూరంనుంచే తెలుసు. ఐదుకి రెండు కలిపితే ఏడు. కూతురు లూజు మర్చిపోలేదని ఆ మనిషి సంబరపడుతున్నాడు! పుస్తకానికి "పదమూడు" అంది. మళ్ళీ తలాడించాడు. అప్పుడు వెలిగింది నాకు. మేడమ్ గీస్తున్నవి ఇంటూ గుర్తులు. మోచేత్తో ఆయన డొక్కలో పొడిచాను. ఆయన నావైపు తిరిగేలోపు రిబ్బన్‌కి "ఇరవైరెండు" అనేసింది మా మాస్టర్.

అదే సమయానికి ఆయన ఫోను మోగింది. డిజైనర్ దగ్గర పనిచేసే సృజన్. ఆ అబ్బాయి గొంతు ఫోన్లోంచి గదంతా వినబడింది. "అన్నా, ఏడున్నవే? డూప్ డ్రెస్సు గీడ ఇంకా రాలే. జర జల్ది పంపియ్యి." మేడమ్ కళ్ళెత్తి చూసింది. మా ఆయన ఫోను కట్టేసి తలవంచుకున్నాడు.

"ఒక్కటీ రైట్ కాలేదండి" అంది మేడమ్. "నోటికొచ్చిన అంకె చెప్పేస్తోంది. నేను అనుకున్నదే అయింది."

మా ఆయన వంచిన తల ఎత్తలేదు. హీరోల్ని పట్టుకుని "కదలకండి సార్" అనే మనిషి, బళ్ళో టీచరు ముందు ఐదో తరగతి పిల్లాడైపోయాడు. నాకు ఆయన మీదా, మేడమ్ మీదా, నామీద నాకూ కోపం ముంచుకొచ్చింది.

"నోటికొచ్చిన అంకె కాదు మేడమ్" అని లేచాను. "ప్రతిదానికీ రెండే ఎక్కువ చెప్పింది, చూసుకోండి. ఐదుకి ఏడు, పదకొండుకి పదమూడు, ఇరవైకి ఇరవైరెండు. పిల్ల కొలత తప్పలేదు. లూజు కలిపింది."

"లూజేంటండీ?"

"మీ జాకెట్టు పక్క కుట్టు లోపల ఎంత గుడ్డ మడిచి పెట్టారో ఇంటికెళ్ళి చూసుకోండి. రేపు ఒళ్ళొస్తే విప్పుకోడానికని మీ టైలరు వదల్లేదూ? అదే లూజు. వీళ్ళ నాన్న పని అది."

మేడమ్ చెయ్యి తెలియకుండానే పక్కకి వెళ్ళి కుట్టు తడుముకుంది. తర్వాత పిల్లవైపు తిరిగి, "పెన్సిల్‌కి లూజెందుకమ్మా?" అంది.

"బిగుతైతే దానికి గౌను ఎక్కదు మేడమ్" అంది జెరూష.

మేడమ్‌కి నవ్వొచ్చింది. నవ్వింది కూడా. కానీ కాగితం మీది ఇంటూలు కొట్టెయ్యలేదు. "నాకు అర్థమైందండి. కానీ పైవాళ్ళకి చూపించాల్సింది ఈ షీటు. సోమవారం పొద్దున ఇంకొక్కసారి చూస్తాను. అప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఏమీ కలపకూడదు. ఇక నా చేతుల్లో లేదు."

నేర్పడానికి నాలుగు వారాలు పట్టింది. మరిపించడానికి ఒకటిన్నర రోజు. శనివారం సాయంత్రం ఆయన పిల్ల ముందు అగ్గిపెట్టె పెట్టి, "కలపకుండా చెప్పమ్మా" అన్నాడు. పిల్ల రెండు చూసి నాలుగంది. చెంచా పెట్టాడు. ఆరు చూసి ఎనిమిదంది. "కలపొద్దన్నానా?" అంటే, "బిగుతైపోతుంది నాన్నా" అంటుంది. పదిసార్లు చెప్పాడు, ఇరవైసార్లు చెప్పాడు. చివరికి ఎన్నడూ లేనిది, "చెబితే వినవా!" అని అరిచాడు. పిల్ల బిత్తరపోయింది. "నువ్వే కలపమన్నావుగా" అని వెక్కివెక్కి ఏడ్చింది. ఇంతలో సృజన్ మళ్ళీ ఫోను చేస్తే, అదే సందని చెప్పులేసుకుని షాపుకి వెళ్ళిపోయాడు. గుమ్మంలో ఆగి నాతో, "నువ్వు చెప్పు సారా, నావల్ల కాదు" అన్నాడు.

చెప్పాను. బళ్ళో కలపకు, ఇంట్లో కలుపుకో అని ఒక్క ముక్క తేడాగా చెబితే ఏం పోయేది? నాకు అంత ఓపికెక్కడిది? పిల్ల గడ్డం పట్టుకుని, "ఇంకెప్పుడూ, ఎక్కడా కలపకు. కలిపావంటే ఫెయిలే. నీ ఫ్రెండ్సంతా ఒకటో తరగతికి పోతారు, నువ్వొక్కదానివే చిన్నపిల్లల మధ్య కూర్చుంటావు" అన్నాను. పిల్ల ఏడుపు టక్కున ఆగింది. పెద్ద పెద్ద కళ్ళతో నావైపు చూసి తలూపింది. ఆదివారమంతా ఏది పెట్టినా ఉన్నది ఉన్నట్టే చెప్పింది. మెళ్ళో టేపు వేసుకోలేదు. హీరోయిన్‌ని కూడా తియ్యలేదు.

సోమవారం ఐదు, పదకొండు, ఇరవై అని చెప్పి బయటపడింది. మేడమ్ మూడు టిక్కులు పెట్టి, "ఒకటో తరగతికి వెళ్ళొచ్చు" అంది. మా ఆయన స్కూలు గేటు బయట నిలబడి, ఎవరూ చూడకుండా మొహం తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం బిర్యానీ తెచ్చాడు. ఇక ఆ పీడ విరగడైందనుకున్నాను.

మే నెల చివర్లో స్కూలు నుంచి యూనిఫాం గుడ్డ వచ్చింది, సరిగ్గా ఒక గౌనుకి సరిపడా. షాపులో ఆయనకి ఊపిరాడని పని. ఒకే చొక్కా హీరోకొకటి, ముగ్గురు డూపులకి మూడు. డూపులకైతే లోపల మెత్తలు పెట్టుకుంటారు కాబట్టి ఇంకా ఎక్కువ కలపాలి. అయినా పిల్లని సరదాపెట్టాలని, పొద్దున్నే టీ తాగుతూ, "మాస్టర్ గారూ, మీ కొలతలు మీరే తీసి చీటీ ఇవ్వండి, నేను కత్తిరించుకొస్తాను" అన్నాడు. జెరూష అద్దం ముందు నిలబడి, టేపు ఒంటికి చుట్టుకుని, చూసి చూసి అంకెలు రాసి ఇచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మాస్టర్ రాసింది, పనివాడు కత్తిరించాడు. తిరిగి కొలవలేదు. కొలవకూడదు కదా, రూలు. కుట్టు ఆయనే వేశాడు, హుక్కులు నేను కుట్టాను. బళ్ళు తెరిచే రోజే కొత్తగా తొడగాలని, ఇస్త్రీ చేసి మడిచి పెట్టెలో పెట్టాను.

బళ్ళు తెరిచే రోజు పొద్దున, తలంటుపోసి గౌను తొడిగాను. చేతులు ఎక్కాయి. ఛాతీ దగ్గర ఆగిపోయింది. లాగాను. పిల్ల ఊపిరి బిగబట్టింది. హుక్కుకీ కాజాకీ మధ్య రెండు వేళ్ళ ఎడం. ఆయన గడ్డం గీసుకుంటున్నవాడు సబ్బు మొహంతోనే వచ్చి చూశాడు. చొక్కా జేబులు వెతికి ఆ చీటీ తీశాడు. ఛాతీ ఇరవై నాలుగు. పిల్ల ఛాతీ ఇరవై నాలుగే. ఆయన కంటికి అది తెలుసు, ఆ చీటీ చేతిలో పెట్టుకుని కత్తిరించిన రోజు మాత్రం ఆయన చూసింది పిల్లని కాదు, అంకెని.

"లూజు కలపలేదా అమ్మా?"

"కలపకూడదుగా నాన్నా" అంది జెరూష, ఆ బిగుతులోంచే. "ఎప్పుడూ, ఎక్కడా కలపకూడదు. కలిపితే ఫెయిల్. అమ్మ చెప్పింది."

ఆయన నావైపు చూశాడు. తిడితే బాగుండుననుకున్నాను. నేనైతే తిట్టేదాన్నే, ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఆయన పిల్ల గౌను మెల్లగా పైకి తీసి, జుట్టు సర్ది, "కొలత కరెక్టుగా తీశావు మాస్టర్ గారూ" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. పిల్లకి చెప్పాల్సిన మాట చెప్పాల్సిన తీరులో చెప్పనిది నేను. ఆ తప్పు ఎవరి మీదకి తోసెయ్యను?

బడికి ఇంకా గంట కూడా లేదు. మంచం కింద పెట్టెలోంచి పోయినేటి యూకేజీ గౌను తీశాడు. దాన్ని తిరగేశాడు. పక్క కుట్ల లోపలా, కింద అంచులోనూ మడిచిపెట్టిన గుడ్డ అలాగే ఉంది. పిల్ల బళ్ళో చేరకముందు తానే మడిచి కుట్టినది. బ్లేడుతో పక్కకుట్లు విప్పాడు, నేను అంచు విప్పాను. ఆయన మిషను తొక్కాడు, నేను ఇస్త్రీ పెట్టాను. పిల్ల మా మధ్య షిమ్మీతో నిలబడి టేపు చివరలు ముడేస్తూ చూసింది. తొడిగితే సరిపోయింది. చేతులు పైకెత్తమన్నాడు, ఎత్తింది. ఊపిరి గట్టిగా పీల్చమన్నాడు, పీల్చింది. ఇబ్బంది ఒక్కటే. ఏడాదిపాటు ఉతికిన గౌను వెలిసిపోయింది, కొత్తగా విప్పిన అంచు మాత్రం అసలు రంగులో మెరిసిపోతూ, కింద పట్టీలా కనబడుతోంది. జూబ్లీహిల్స్ కార్లలోంచి కొత్త గౌనుల్లో దిగే పిల్లల మధ్య ఇది దాగేది కాదు.

గేటు దగ్గర మంజులత మేడమ్ పిల్లల్ని లోపలికి పంపుతోంది. జెరూషని ఆపి, వంగి, "ఇదేంటి జెరూషా, అంచు ఒక్కటే కొత్తగా ఉంది?" అంది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. మా ఆయన నా వెనక్కి జరిగాడు.

జెరూష గౌను అంచు రెండు చేతులా పట్టుకుని చూపించింది.

"లూజు మేడమ్. రెండంగుళాలు" అంది. మేడమ్ మొహంలోకి చూసి, మళ్ళీ ఫెయిల్ చేస్తుందేమోనని కాబోలు, గబగబా అంది. "నేనేం కలపలేదు మేడమ్. నాన్నే కలిపాడు, నా చిన్నప్పుడు."